చీమలు పట్టిన నీళ్లు

పోయిన వారం నేను మాట ఆపిన చోట మా ఫిరోజా షెడ్డు ముందు నిలబడి ఫోన్‌లో అరుస్తోంది. అక్కడి నుంచే చెబుతాను.

ఫిరోజా నా కొడుకు కూతురు. ఇరవై ఆరేళ్లు. బద్వేలు నుంచి పోరుమామిళ్ల పోయే దారిలో మా చేను ఉంది. అందులో షెడ్డు వేసి మూడు వందల నాటుకోడి పిల్లల్ని పెంచుతోంది. నాపరాళ్లు తనే మోసుకొచ్చి నడుమెత్తు గోడ నిలబెట్టింది. నిరుడు ఇదే షెడ్డులో, ఒకే ఒక్క మధ్యాహ్నం, వడగాడ్పుకు పిల్లలన్నీ పోయాయి. ఆ రోజే అంది: "ఇంగొక తూరి ఇట్లయితే రేకులు విప్పేసి కడపకు పోతా జేజినాయనా. మన్సూర్ హోటల్లో గిన్నెలన్నా కడుగుతా గానీ కోడిపిల్ల మొఖం మళ్లా చూడను." మన్సూర్ దాని తమ్ముడు. ఫిరోజా ఒక మాట అంటే అన్నట్టే. వెనక్కి తీసుకోదు.

ఈ ఏడు ఎండ నుంచి పిల్లల్ని కాపాడుకున్నాం. ఇరవై నాలుగో రోజున రెట్టలో నెత్తురు కనబడింది. నెత్తురు పారుడు రోగం అన్నారు. బద్వేలులో నాగచైతన్య అంగడి నుంచి మందు తెచ్చి నాలుగు రోజులు నీళ్లలో కలిపింది. చావులు ఆగలేదు. నాలుగో రోజు తెల్లారేసరికి పోయినవి అరవై ఒకటి. రెక్కలు జారేసి మూలన ముడుచుకున్నవి ఇంకెన్నో. అప్పుడు ఫిరోజా కడుపు మండి, కోళ్లు పెంచే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది: "చైతన్య అంగట్లో అమ్మేది దొంగ మందు. ఎవురూ కొనొద్దండి. నా పిల్లలు సచ్చిపోతాండాయి." అందరికంటే ముందు జవాబు పెట్టింది పక్క ఊరి మహాదేవి. "నేను ఆ అంగడి గడప తొక్కను అక్కా" అని.

ఇది ఏడింటి మాట. తొమ్మిదికల్లా నాగచైతన్య బండి మా చేలోకి వచ్చింది.

బండికి స్టాండు కూడా సరిగా వేయలేదు. అది పక్కకు ఒరిగి పడింది. లేపలేదు.

"ఫిరోజా! ఏమ్మా, దొంగనా నేను? బద్వేలంతా ఇనపడేటట్టు చెప్పినావే, నా ముందర చెప్పు ఒకసారి."

"చెప్తా. భయమా నాకు? లోపలికొచ్చి చూడు అన్నా. నువ్విచ్చిన మందే పోసినా నాలుగు దినాలు. చూడు ఎట్ల పండుకున్న్యాయో."

మా ఇంటామె సైదమ్మ చేటలో నూకలు పోసుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది: "నీ మందు తాగి మా కోడిపిల్లలు నేరుగా జన్నత్‌కు పోయినాయి నాయనా. నువ్వు మాత్రం బండెక్కి ఈడికొచ్చినావు."

నాగచైతన్య మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. వాళ్ల నాయన రామసుబ్బయ్య అంగట్లో నేను నలభై ఏళ్లు మా ఎద్దులకు మందులు కొన్నాను. ఈ పిల్లవాడు బల్ల కింద ఆడుకునేవాడు అప్పుడు.

"రసూల్ తాతా, నువ్వన్నా చెప్పు. మా నాయన కాలం నుంచి ఒక్క తూరన్నా దొంగ సరుకు ఇచ్చినామా? పొద్దున్నించి నలుగురు ఫోన్ చేసినారు. ఒకాయన తీసకపోయిన మందు తెచ్చి బల్ల మీద ఇసిరికొట్టినాడు. మా నాయన అన్నం తినకుండా లేచి పోయినాడప్పా."

నాకు మాట నిదానం. నేను నోరు తెరిచేలోగా వేరేవాళ్లు అందుకుంటారు. ఆ రోజూ అట్లే అయింది. ఫిరోజా నా ముందుకొచ్చి నిలబడింది.

"మా జేజినాయనను ఎందుకు అడుగుతావు? నన్నడుగు."

"సరే, నిన్నే అడుగుతా. నువ్వు నీళ్లల్లో నా మందు తప్ప ఇంగేమి కలిపినావు?"

"ఏమీ లేదు."

నాగచైతన్య వంగి, ఒక నీళ్ల గిన్నె చేత్తో ఎత్తాడు. దాని అంచు చుట్టూ ఎర్రచీమలు పూసల దండలాగా పట్టి ఉన్నాయి. నేను వాటిని రెండు రోజుల నుంచి చూస్తున్నాను. ఎండాకాలం కదా, తడి కోసం వచ్చి ఉంటాయి అనుకున్నాను.

"ఈ చీమలేంది మరి?"

"చీమలు నీ మందుకే వచ్చినాయేమో. చక్కెర కలిపినావేమో దాంట్లో!"

"అట్లనా?" అన్నాడు వాడు. బండి సంచిలోంచి పాకెట్ తీశాడు. "ఇదీ నీకిచ్చిన పెట్టెలోదే. అంకెలు చూసుకో. ఒక గిన్నెలో మంచినీళ్లు పోసి ఇది కలిపి ఆ గోడ మీద పెడతా. నీ గిన్నె దాని పక్కనే పెడతా. చూద్దాం చీమలు దేనికి పడతాయో. నా గిన్నెకు పట్టినాయంటే అంగడి మూసేసి తాళాలు నీ చేతిలో పెడతా."

రెండు గిన్నెలూ నాపరాతి గోడ మీద పెట్టారు. ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు. కోర్టులో నిలబడ్డట్టు.

అప్పుడే దీవెన స్కూటీ మీద వచ్చింది. మా రెండు మూడు ఊర్లకూ పశువుల వైద్యం చూసే పిల్ల. ఫిరోజా నిన్న సాయంత్రమే రమ్మంది. గొర్రెలకు టీకాలు వేసే పనిలో పడి ఈ పొద్దుకు వచ్చింది. చెప్పులు బయటే వదిలి, సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లు తీసి కాళ్లకు తొడుక్కుంది. "ఏందమ్మా, కాళ్లకు గూడా ముసుగులా?" అని సైదమ్మ నవ్వబోయింది. దీవెన నవ్వలేదు. "చెప్పులకంటుకునే పోతాది జేజీ ఈ రోగం, ఒక షెడ్డు నుంచి ఇంగొక షెడ్డుకు" అంది.

పొద్దున చచ్చిన పిల్ల ఒకటి తీసుకుని రాతి మీద వెల్లకిలా పెట్టింది. చిన్న కత్తెరతో కడుపు కోసింది. నేను బతుకంతా కోళ్లను కోసినవాడినే. కానీ లోపల ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. పేగు చివర రెండు గొట్టాలు ఉంటాయి, మూసుకుపోయిన సంచుల్లాగా. అవి ఉబ్బి నల్లగా ఉన్నాయి. కత్తెర మొన తగలగానే గడ్డకట్టిన నెత్తురు బయటికి వచ్చింది. వేలెడంత ప్రాణంలో అంత నెత్తురు ఎక్కడ పట్టిందో అనిపించింది.

"నెత్తురు పారుడే. కాక్సిడియోసిస్ అంటాం" అంది దీవెన. "అనుమానమే లేదు. చైతన్యన్న ఇచ్చిన ఆంప్రోలియం సరైన మందే. మూడో దినానికన్నా తగ్గాల. ఏంటికి తగ్గలేదు?"

లేచి షెడ్డు లోపలికి నడిచింది. మేం వెనకే వెళ్లాం. మా షెడ్డులో నేల మీద పరిచింది శనక్కాయల పొట్టు. దీవెన ఒక పిడికెడు పొట్టు తీసుకుని గట్టిగా పిసికి, అరచేయి విప్పింది. అది సంగటి ముద్దలాగా అట్లనే నిలిచి ఉంది.

"పొడి పొట్టయితే విడిపోవల్ల అక్కా. ఇది చూడు. ఇంత ఎండలో ఈ తడి యాడిది?"

పైన గోనెపట్టలు వేలాడుతున్నాయి. వడగాడ్పు తగలకుండా రోజుకు నాలుగుసార్లు తడుపుతాను. వాటి నీళ్లు లోపలికే కారుతున్నాయి. అదొక్కటే కాదు. సాయంత్రం గిన్నెలు కడిగినప్పుడు మిగిలిన నీళ్లను నేను షెడ్డులోనే చిలకరిస్తాను. నేల చల్లబడుతుంది, నీళ్లూ వృథా కావు. ఎనిమిది వందల అడుగులు బోరు వేస్తే దుమ్ము లేచిన ఊరు మాది. ముఖం కడిగిన నీళ్లు కూడా కరివేపాకు చెట్టుకు పోస్తాం. నీళ్లు తీసుకుపోయి బయట బండ మీద పారబోయడం అనేది మా చేతులకు తెలియదు.

"ఈ ఊర్లో పుట్టినోళ్లు ఎవురన్నా నీళ్లు పారబోస్తారా బిడ్డా?" అంది సైదమ్మ.

"తెలుసు జేజీ. మాది కూడా ఇట్లాంటి ఊరే" అంది దీవెన. "కానీ ఈ రోగం గుడ్లు రెట్టలో ఉంటాయి. తడి తగిలితే రెండు దినాలకే మాగుతాయి. పిల్ల పొట్టును గీకి పొడుస్తాది, ఆ గుడ్డు కడుపులోకి పోతాది. తడి లేకుంటే ఇంత ఊపు రాదు. ఎండకు భయపడి చల్లదనం పెట్టినారు. ఆ చల్లదనంలోనే ఇది పెరిగింది."

ఫిరోజా గోనెపట్ట అంచు పట్టుకుని నిలబడింది. నిరుడు ఆ మధ్యాహ్నం చచ్చిన పిల్లల్ని గంపలతో ఎత్తింది అదే. గోనెపట్టలు కట్టమన్నదీ అదే. ఆ తప్పు అందరిదీ.

బయటికి వచ్చేసరికి నాగచైతన్య గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు. పిలవలేదు. వేలు చూపించాడు అంతే. మా షెడ్డు గిన్నెకు చీమలు వరస కట్టి ఎక్కుతున్నాయి. వాడి మందు కలిపిన గిన్నె ఖాళీగా ఉంది. ఒక చీమ దాని అంచు దాకా వెళ్లి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగి పక్క గిన్నెకు పోయింది.

దీవెన మా గిన్నెలో నీళ్లు వేలితో ముట్టి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"దీంట్లో బలం మందు ఉంది. బి-కాంప్లెక్స్. తియ్యటి వాసన. రంగు కూడా పసుప్పచ్చగా ఉండాది. ఎవురు పోసినారు అక్కా?"

"ఎవురూ పోయలే."

"పోసినారు అక్కా. దీనివల్లే మందు పని చేయలే. చూడు, ఆ పురుగు కంటికి కనపడదు, పేగులో ఉంటాది. అది బతకల్లంటే బి-వన్ అనే బలం కావల్ల. ఈ ఆంప్రోలియం ఉండాది చూడు, అది అచ్చం ఆ బలం మాదిరే వేషం కట్టుకుని పోతాది. పురుగు మోసపోయి దాన్ని మింగి, ఆకలికి సచ్చిపోతాది. మనం పక్క నుంచి అసలు బలమే పోస్తే? వేషగాన్ని వదిలేసి అసలుదే తింటాది. మందూ పోస్తాండారు, పురుగుకు అన్నమూ పెడతాండారు."

నాగచైతన్య ఊపిరి వదిలాడు. వాడి గొంతు ఇప్పుడు తగ్గింది. తగ్గినందుకు ఇంకా బరువుగా ఉంది.

"చూసినావు కదా ఫిరోజా. మీ ఇంట్లో ఎవురో పోసినారు. నన్ను దొంగని చేసినావు."

"మా ఇంట్లో ఎవురు పోస్తారు?" ఫిరోజా గొంతు పైకి లేచింది. "జేజి షెడ్డులోకి రాదు. నేను పోయలే. ఇంగ మిగిలింది జేజినాయన. పొద్దున్నే సుబా నమాజు చేసుకుని వచ్చి డ్రమ్ముకు నీళ్లు పడతాడు, అంతే. నన్ను అడక్కుండా పిల్లల నోట్లో చిటికెడు పసుపు కూడా పెట్టడు. నిరుడే మాటిచ్చినాడు నాకు. కావాలంటే ఇదో, మా జేజినాయన నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్తాండా."

దాని చేయి నా తల మీద పడింది. వేడిగా ఉంది. పొట్టు దుమ్ము, మందు వాసన.

నా జుబ్బా జేబులో సీసా ఉంది.

నాలుగేళ్ల కిందట సైదమ్మకు గర్భసంచి తీసేశారు. నెత్తురు శానా పోయింది. మనిషి సున్నం గోడలాగా అయిపోయింది. అప్పుడు కడపలో నర్సమ్మ ఈ బలం మందు సీసా రాసిచ్చింది. పూటకు రెండు మూతలు. నెల తిరిగేసరికి ఆమె పెదవుల మీదికి రంగు వచ్చింది. నెత్తురు పోయిన ఒంటికి బలం పెట్టాలి అని నా తలలో ముద్ర పడిపోయింది. పిల్లల రెట్టలో నెత్తురు చూసిన రోజే బద్వేలు వెళ్లి అదే సీసా కొన్నాను. తెల్లారి డ్రమ్ము నింపి నాలుగు మూతలు పోశాను. ఫిరోజా ఏడింటికి వచ్చి అదే డ్రమ్ములో తన మందు కలిపేది. అదేం పసుపు రంగు అని అడిగితే, డ్రమ్ము అడుగున పాచి అన్నాను. పిల్లలు లేచి తిరిగాక చెబుదాం, నవ్వుకుందాం అనుకున్నాను.

ఇప్పుడు నేను గమ్మున ఉండిపోవచ్చు. ఎవరూ నన్ను అడగడం లేదు. కానీ నేను గమ్మున ఉంటే ఒట్టు దాని చేతిలో చెడిపోతుంది. రామసుబ్బయ్య అన్నం తినడు. రేపు తెల్లారి నేనే లేచి నీళ్లు పట్టాలి కదా, అప్పుడు సీసా మానేస్తే సరిపోతుందా? డ్రమ్ములో ఉన్న నీళ్లు ఈ పూట కూడా పిల్లలు తాగుతున్నాయి.

దాని చేయి పట్టుకుని నా తల మీద నుంచి కిందికి దించాను.

"ఒట్టు పెట్టొద్దు బిడ్డా."

సీసా తీసి గోడ మీద, రెండు గిన్నెల నడుమ పెట్టాను. మూత చుట్టూ కూడా చీమలు ఉన్నాయి. సగం ఖాళీ.

 సైదమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చి సీసా చూసింది. "ఇది నా సీసా గదయ్యా" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు పోసినట్టు పోసినావా వాటికి?"

"నెత్తురు పోతాంటే చూడలేకపోయినా" అన్నాను. 

ఫిరోజా అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అది తన అరచేతిని చూసుకుంది, నా తల మీద పెట్టిన చేతిని. ఓణీకి తుడుచుకుంది. డ్రమ్ము దగ్గరికి పోయి, ఒక్కత్తే దాన్ని పక్కకు వంచింది. నీళ్లన్నీ బయట ఎర్రమట్టిలోకి పారాయి. మట్టి గుటక వేసినట్టు మింగేసింది. మా ఇంట్లో అన్ని నీళ్లు పారబోయడం నేను చూడటం అదే మొదలు.

దీవెన నిదానంగా చెప్పుకుంటూ పోయింది. తడి పొట్టు అంతా తీసెయ్యండి, పొడిది పరచండి, దినమూ పారతో తిరగేయండి. గోనెపట్టలు గోడకు బారెడు దూరంలో బయట కట్టండి, లోపల ఒక చుక్క పడకూడదు. నీళ్ల గిన్నెలు ఇటుకల మీద పెట్టండి, పిల్ల వీపు ఎత్తున. నీరసపడినవి వేరే గంప కింద పెట్టండి. మందు మళ్లీ ఒకటో రోజు నుంచి, రోజూ కొత్త నీళ్లలో, అయిదు రోజులు. అది ముగిసేదాకా ఏ బలం మందూ వద్దు.

"అన్నీ బతుకుతాయా?" అంది ఫిరోజా.

"అన్నీ బతకవు అక్కా. అబద్ధం చెప్పను. పేగు చెడిపోయినవి పోతాయి. తక్కినవి నిలబడొచ్చు. వచ్చే తూరి తెచ్చేటప్పుడు ఈ రోగానికి టీకా వేసిన పిల్లల్నే అడుగు."

"వచ్చే తూరి" అంది ఫిరోజా మెల్లగా. తల ఎత్తి షెడ్డు రేకుల వైపు చూసింది. రేకులు బిగించిన బోల్టుల వైపు చూసింది. అది ఏం లెక్క వేసుకుంటోందో నాకు తెలుసు.

తర్వాత అది నాగచైతన్య ఎదురుగా వచ్చి నిలబడింది. "అన్నా, తప్పు మాది. ఇప్పుడే గ్రూపులో చెప్తా."

వాడు ఒరిగిన బండిని లేపుతున్నాడు. "చెప్పు. కలపకూడనిది కలిసిందని చెప్పు, చాలు. తాత పేరు ఎత్తొద్దులే." ఇంకో పాకెట్ తీసి గోడ మీద పెట్టాడు. "ఇది వాడుకోండి." వాడు ఇంకా తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఫిరోజా ఫోన్ తీసింది. బొటనవేలు దాని మీద పెట్టి ఆగింది. నా వైపు తిరిగింది.

"జేజినాయనా, చెప్పకుండా చేసింది ఇంగేమన్నా ఉండాదా? ఇప్పుడే చెప్పు. మళ్లా తెలిస్తే నేను తట్టుకోలేను."

నేను వెతుక్కున్నాను. నిజంగానే, మనసంతా వెతుక్కున్నాను.

"లేదు బిడ్డా."

"ఒక మాట తాతా" అంది దీవెన, కాళ్ల కవర్లు విప్పి మడుస్తూ. "ముందు గూడా ఎప్పుడన్నా పొట్టు మార్చినారా? గిన్నెల కింద గడ్డ కట్టింటాది కదా. ఆ తీసిన పొట్టు యాడేసినారు? ఒక్క ఎండకు ఆ గుడ్లు సావవు. వేరే కోళ్లుండే చోటికి పోకూడదు."

నా చూపు బయటి బండ మీదికి పోయింది.

పన్నెండు రోజుల కిందట గిన్నెల దగ్గర గడ్డ కట్టిన పొట్టును నేనే గీకి తీశాను. ఒక రోజంతా బండ మీద ఎండబెట్టాను. గలగలలాడింది. పారేయడానికి చేయి రాలేదు. ఆరు బస్తాలకు ఎత్తి, పక్క ఊర్లో ఒకామె కొత్తగా అయిదు వందల పిల్లల్ని దించుకుని, పరచడానికి పొట్టు చాలక అల్లాడుతుంటే, ఆటోలో వేసి పంపాను. అందులో దాచింది ఏమీ లేదు. చెప్పవలసింది అని కూడా తోచలేదు.

నేను నోరు తెరిచేలోగా ఫిరోజా చేతిలో ఫోన్ మోగింది. తప్పు మాదేనని చెప్పే గొంతు ఇంకా గ్రూపులోకి పోలేదు. ఫిరోజా స్పీకరు నొక్కింది.

"ఫిరోజక్కా, నేను మహాదేవిని. పొద్దున్నించి మా పిల్లల రెట్టలో ఎర్రగా పడతాండాది అక్కా. మా ఆయన మందుకని చైతన్య అంగడికి బయల్దేరినాడు. నేనే పోనియ్యలే, నువ్వు చెప్పినావు కదా దొంగ మందని."

నాగచైతన్య బండి తాళం చేతిలో పట్టుకుని అట్లే నిలబడ్డాడు.

"ముందు కింద పొట్టన్నా మారుద్దామంటే ఇంట్లో గుప్పెడు లేదు. రసూల్ తాత ఆ పొద్దు ఆరు బస్తాలు పంపిచ్చినాడే, శానా మెత్తగా ఉండె. అట్లాంటిది ఇంగా ఉంటే పంపిచ్చమను అక్కా."

ఫిరోజా ఫోన్‌ను అట్లే చేతిలో పట్టుకుని, నా వైపు చూసింది.